వేగము పెరిగినది, చెలిమి తరిగినదా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పముల మీదుగా సాగు దారిలో, నేటి శక్తిమంతములైన కార్లను గూర్చి ఒక విచారణ

కదిరి, ములకలచెరువుల మీదుగా మెట్ట నెక్కి వచ్చి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పము అను ఊళ్లను ఒకదాని వెంట నొకటిగా తాకుచు, తుదకు తమిళనాటి కృష్ణగిరిని చేరు 42వ నంబరు జాతీయ రహదారి మా పడమటి మండలములకు ప్రధానమార్గము. ఒక ప్రక్క గుండ్లకొండలు, మరియొక ప్రక్క చెరువు కట్టలు, నడుమ చింతచెట్ల నీడలు, తెల్లవారకముందే టమోటా పెట్టెలతో మదనపల్లె మార్కెట్టుకు పరుగిడు బండ్లు, పొద్దు వాలువేళ దారి కడ్డముగా సాగిపోవు గొర్రెల మందలు, ఇన్నిటి నడుమ కారు నడుపువానికి ఏమరుపాటు తగదు. కన్ను దారిపైనను, చెవి ఇంజనుపైనను, చేయి గేరుపైనను ఉంచి బండి తోలుట ఇచ్చటివారికి తరతరములుగా అబ్బిన విద్య.

ఇట్టి దారిపై నేడు, మన తాతల ఊహకైనను అందని బలముగల కార్లు తిరుగుచున్నవి. వారాంతమున బెంగుళూరు నుండి హార్స్‌లీ కొండకు వచ్చు బండ్లలో అనేకము, అద్దములు మూసికొని, చల్లని గాలి పోసికొని, ఘాటు మలుపులను ఆయాసమన్నది లేక దాటిపోవుచున్నవి. చూచుటకు ముచ్చటగనే యుండును. అయినను, ఆ కార్లను నడుపువారే, పాత కారొకటి గొంతెత్తి ప్రక్కనుండి సాగిపోయినపుడు, తమకు తెలియకయే తల త్రిప్పి చూచెదరు. ఆ చూపులో నొక ప్రశ్న కలదు. నేటి అధికశక్తిగల కార్లు తమ స్వభావమును, మనసును పట్టి లాగెడి గుణమును పోగొట్టుకొన్నవా?

నా అభిప్రాయమును ముందుగనే విన్నవించెదను. చాలవరకు పోగొట్టుకొన్నవి. శబ్దము తగ్గుటయే కారణమని కొందరు, విద్యుత్తు వచ్చుటయే కారణమని మరికొందరు తలచుచున్నారు గాని, మూలము అంతకంటె లోతున నున్నది: నడుపువానిని గమనింపుమని అడుగుటను నేటి కారు మానుకొన్నది. ఎంత గమనించిన అంతగా బదులు పలుకు యంత్రముతోనే మనుష్యునకు చెలిమి కుదురును. ఏమియు అడుగని యంత్రము ఎంత సమర్థమైనను పరాయిదిగనే మిగిలిపోవును.

హార్స్‌లీ ఘాటుపై అంబాసిడరు

పూర్వము ఏనుగు మల్లమ్మ కొండయని పిలువబడి, కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర పందొమ్మిదవ శతాబ్దిలో వేసవి విడిది కట్టుకొనుటతో ఆయన పేరనే నిలిచిపోయిన కొండ, మదనపల్లెకు పాతిక ముప్పది కిలోమీటర్ల దూరమున, నాలుగు వేల అడుగులకు పైబడిన యెత్తున నున్నది. అంబాసిడరులో ఆ కొండ నెక్కినవారికి ఘాటు ప్రయాణమనగా నేమో శరీరమునకే తెలిసియుండును.

1958 ప్రాంతమున పుట్టి, 2014 వరకు తయారైన ఆ కారును చిరకాలము లాగినది 1,489 సి.సి. పెట్రోలు ఇంజను. దాని బలము ఏబది అశ్వములకు అటునిటు. గేరు కోల స్టీరింగు ప్రక్కన ఉండెను. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు గనుక, మలుపులో బండి నీరసించి రెండవ గేరు చాలనపుడు, డ్రైవరు క్లచ్చి త్రొక్కి గేరును న్యూట్రలుకు తెచ్చి, క్లచ్చి వదలి, యాక్సిలరేటరును ఒక్కమారు తట్టి ఇంజను వేగమును చక్రముల వేగమునకు సరితూచి, మరల క్లచ్చి త్రొక్కి మొదటి గేరులోనికి జార్చవలెను. సరితూగిన, వెన్నలో కత్తి దిగినట్లు గేరు దిగును. సరితూగనిచో పండ్లు గీచుకొన్న చప్పుడు కారులోని వారందరికిని వినబడి, డ్రైవరు ముఖము చిన్నబోవును. వేసవిలో పెట్రోలు పంపు వేడెక్కి, పైపులోని పెట్రోలు ఆవిరియై ఇంజను ఆగిపోయినచో, పంపుపై తడిగుడ్డ చుట్టి, రాతిమీద కూర్చుండి అది చల్లబడువరకు వేచియుండవలెను. రేడియేటరుకు నీళ్లు పోయుటకు ఒక డబ్బా డిక్కీలో ఎల్లప్పుడును ఉండెను.

ఇవన్నియు ఇబ్బందులే. వీనిని వరములని చెప్పుట నా యుద్దేశము గాదు. కాని ఆ ఇబ్బందుల మూలమున డ్రైవరునకు తన బండిని గూర్చి తెలియని విషయము లేకపోయెను. ఏ మలుపున దానికి ఊపిరి చాలదో, ఏ గేరులో దాని గొంతు తేటపడునో, ఏ చలి ఉదయమున చోకు ఎంత లాగవలెనో అతని కెరుకయే. "చెవి ఇంజను మీద ఉండల్ల" అనునది మా ప్రాంతమున పాత డ్రైవర్లు కుర్రవాండ్రకు చెప్పు తొలిపాఠము. మెకానిక్కు సైతము పాయింట్లను గీకి, కార్బొరేటరు మరను పావు చుట్టు త్రిప్పి, చెవి యొగ్గి విని, "ఇప్పుడు కుదిరింది" అనెడివాడు. ఆ కుదురుటను కొలిచిన సాధనము మనిషి చెవియే.

ఎనిమిదివందల మారుతి చూపిన దారి

1983 డిసెంబరులో విడుదలయైన మారుతి 800 ను వేగమునకు గుర్తుగా నేటి యువకు లంగీకరింపకపోవచ్చును. 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజను, సుమారు 650 కిలోల బరువు, సైకిలు చక్రములను తలపించు సన్నని టైర్లు. అయినను, తేలికదనము ఎంతటి గుణమో మన దేశమునకు మొదట తెలియజెప్పినది ఆ చిన్నకారే. త్రొక్కినంతనే కదలుటయు, త్రిప్పినంతనే తిరుగుటయు దానికి సహజములు. కోయంబత్తూరునకు చెందిన ఎస్. కరివర్ధన్ ఆ ఇంజనునే ఒక్క మనిషి కూర్చుండు పందెపు బండిలో అమర్చి ఫార్ములా మారుతికి ప్రాణము పోసెను. చిత్తూరు నుండి రెండు గంటలలో చేరదగిన శ్రీపెరుంబుదూరు పందెపుబాటపై, అట్టి ఫార్ములా మారుతి బండిలోనే నరేన్ కార్తికేయన్ తన తొలిపందెమున విజేతల వేదిక నెక్కెను. ఆయనయే 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడు. కూరగాయల సంచులు మోసిన కారు ఇంజను, ఒక పందెగానికి వేగము యొక్క అక్షరాభ్యాసము చేసినది. శక్తి పరిమితమై, బండి తేలికయై యున్నపుడు నేర్చువానికి దోషములు వెంటనే తెలియును. నేర్పు అచ్చటనే పుట్టును.

తరువాత వచ్చిన కార్లలో మన వేగప్రియులు నేటికిని తలచుకొనునది 2000 సంవత్సరమున వచ్చిన హోండా సిటీ వీటెక్. ఒకటిన్నర లీటరు ఇంజను, 106 అశ్వముల బలము. తక్కువ వేగమున వాల్వులు కొద్దిగను, ఎక్కువ వేగమున అధికముగను తెరచుకొనునట్లు అమర్చిన ఆ యంత్రము, ఇంజను వేగమును చూపు ముల్లు పైకి ప్రాకుకొలదిని గొంతు మార్చి, ఎఱ్ఱగీత సమీపమున ఉత్సాహముతో పాడెడిది. ఆ పాట వినవలెననిన గేరు మార్చక ఓపికతో పట్టి యుంచవలెను. అనగా ఆనందమును కారు తేరగా ఇచ్చెడిది గాదు. నడుపువాడు దానిని చేరుకొనవలసి యుండెను. 2003లో తరువాతి సిటీ వచ్చినపుడు దానిలోని ఇంజను బలము 77 అశ్వములు మాత్రమే. లీటరుకు ఎక్కువ మైలేజి ఇచ్చు ఆ కారును జనులు సంతోషముగా కొనిరి. ఇందొక కఠిన సత్యము కలదు. కార్ల స్వభావమును కంపెనీలు మాత్రమే తీసివేయలేదు. కొనువారమైన మనము కూడ మౌనముగా సమ్మతించితిమి.

నడుమ వచ్చిన తెరలు

స్వభావము ఏకరాత్రమున పోలేదు. నడుపువానికిని యంత్రమునకును నడుమ ఒక్కొక్క తెర పడుచు వచ్చినది. పూర్వము యాక్సిలరేటరు పెడలునకును ఇంజనునకును నడుమ నొక ఉక్కుతీగ యుండెను. పాదము కదలిన ఇంజను గొంతున ఆ కదలిక అప్పటికప్పుడు వినబడెడిది. నేడు పెడలు చెప్పునది కంప్యూటరుకు. ఎంత ఇంధనము ఈయవలెనో నిర్ణయించునది కంప్యూటరు. పూర్వపు పవరు స్టీరింగు నూనె ఒత్తిడితో పనిచేసినను, ముందుచక్రములు తారుమీద కొరుకుచున్నవా, ఇసుకమీద జారుచున్నవా అను వార్తను చేతులకు చేరవేసెడిది. నేటి విద్యుత్ స్టీరింగు ఇంధనమును పొదుపు చేయును, చేతులకు శ్రమ తగ్గించును. కాని ఆ వార్తలలో సగమును మోటారు మ్రింగివేయును. టర్బో ఇంజను అడుగునుండియే నిండు బలము నిచ్చుటచేత ముల్లు పైకి ప్రాకువరకు వేచియుండు ఉత్కంఠ పోయినది. గేర్లను ఆటోమేటిక్ పెట్టె తానే మార్చును; దాని ఎంపిక మన ఎంపిక కంటె తఱచుగా మేలైనదియే, అయినను అది మనది గాదు.

వీనికి తోడు బరువు. 1980 దశకపు నడుమ వచ్చిన తొలి బి.ఎం.డబ్ల్యు. ఎం5 బరువు సుమారు 1,430 కిలోలు, బలము 286 అశ్వములు. 2024లో వచ్చిన ఎం5, పెట్రోలు ఇంజనునకు విద్యుత్ మోటారును జోడించుకొని, 727 అశ్వముల బలముతో, సుమారు 2,435 కిలోల బరువు తూగుచున్నది. ఒక టన్ను బరువును మోయుటకు అధికబలమును, ఆ బలమును అదుపు చేయుటకు మరిన్ని యంత్రములను, ఆ యంత్రముల వలన మరికొంత బరువును చేర్చుకొనుచు పోవుట ఈ చక్రములోని చిక్కు. 2011లో వచ్చిన ఎం5 లోనే, క్యాబిను నిశ్శబ్దమై ఇంజను వినబడకుండుటచేత, ఇంజను శబ్దమును స్పీకర్ల ద్వారా వినిపింపసాగిరి. ఇంజను ముందే యుండగా దాని పాటను పెట్టెలోనుండి వినిపింపవలసి వచ్చుట, పోయినదేమో తయారుచేసినవారికే తెలియుననుటకు నిదర్శనము.

ఇక ఈ బలమును ఖర్చు పెట్టుటకు చోటేది? 2018లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ప్రకారము, కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేలపై గంటకు 120, విభజిత నాలుగు వరుసల రోడ్లపై 100 కిలోమీటర్లు గరిష్ఠవేగము. హ్యుందాయ్ వారి అయోనిక్ 5 ఎన్ అను విద్యుత్ కారు సున్న నుండి నూరు కిలోమీటర్ల వేగమును మూడున్నర సెకన్లలోపుననే అందుకొనును. కనురెప్పలు రెండుమార్లు వాల్చి యెత్తులోపల చట్టము నిండిపోయినది. మిగిలిన ప్రయాణమంతయు ఆ కారు తన శక్తిలో స్వల్పాంశముతో నిద్రాణమై సాగవలసినదే. వి.కోట, పలమనేరు, బంగారుపాళెముల మీదుగా బెంగుళూరు, చెన్నైలను కలుపు సుమారు 260 కిలోమీటర్ల నూతన ఎక్స్‌ప్రెస్‌వేపై సైతము ఇంతకంటె భిన్నముగా నుండదు. ఏబది అశ్వముల అంబాసిడరు హార్స్‌లీ ఘాటుపై తన శక్తినంతయు ఒడ్డెడిది. ఆరువందల అశ్వముల కారు అదే ఘాటుపై తన్నుతాను దాచుకొనును. హద్దు కనబడని చోట నేర్పునకు పనిలేదు. నేర్పునకు పనిలేని చోట అనుబంధము పుట్టదు.

హుస్సేన్‌సాగరు తీరమున

శబ్దమే సర్వస్వమను వాదమును పరీక్షించుటకు మన తెలుగునేలపైననే ఒక సందర్భము వచ్చినది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగరు తీరమున, సుమారు 2.8 కిలోమీటర్ల వీథిబాటపై విద్యుత్ కార్ల ప్రపంచ పందెమైన ఫార్ములా-ఈ జరిగెను. అంతకు పూర్వము మన దేశమున జరిగిన ఆ స్థాయి ప్రపంచ కారు పందెము 2013 నాటి ఇండియన్ గ్రాండ్ ప్రీ. ఆనాడు గ్రేటర్ నోయిడాలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు నిమిషమునకు పదునెనిమిది వేల చుట్లతో తిరుగుచు రొమ్ము లదరునట్లు అరచినవి. హైదరాబాదున 350 కిలోవాట్ల విద్యుత్ కార్లు టైర్ల రాపిడియు, మోటార్ల సన్నని ఈలయు తప్ప వేరు శబ్దము లేక దూసికొనిపోయినవి.

చెవికి విందు తగ్గినదనుట నిజము. కాని ఇరుకు వీథిగోడల నడుమ, బ్యాటరీలో మిగిలిన శక్తిని లెక్కించుకొనుచు, ఎచ్చట పాదమెత్తవలెనో, బ్రేకు త్రొక్కి ఎంత శక్తిని మరల బ్యాటరీకి చేర్చవలెనో క్షణక్షణమును నిర్ణయించుకొనుచు, జాన్ ఎరిక్ వెర్న్ ఆ పందెమును తుదివరకు కాపాడుకొని గెలిచిన తీరు, ఏ పెట్రోలు పందెమునకును తీసిపోనిది. వెనుకనుండి తరుముచున్న నిక్ కాసిడీకి సందీయక అతడు నిలిచినది నేర్పువలన. విద్యుత్ యంత్రము మనిషి నుండి సర్వమును కోరగలదని ఆ దినము ఋజువైనది. శబ్దము లేకున్నను స్వభావము ఉండవచ్చును. కోరిక లేనిచో మాత్రము ఉండదు.

మదనపల్లె బిడ్డ చెప్పిన మేక కథ

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జగమంతటికిని తత్త్వవేత్తగా పరిచితుడు. ఆయనకు యంత్రములపై గల ప్రీతి అంతగా ప్రచారము పొందలేదు. బాల్యమున ఇంటి గడియారమును విప్పి, తిరిగి కూర్చువరకు బడికి పోనని పట్టుపట్టెనని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. పెద్దయైన పిమ్మట మంచి కార్లను ఇష్టముతో నడిపెను. మెర్సిడెస్ కారును స్వయముగా కడిగి తుడిచి మెఱుగు పెట్టుటయందు ఆయనకు శ్రద్ధ మెండు.

ఆయన తన ఉపన్యాసములలో చెప్పుచుండిన వృత్తాంతమొకటి కలదు. కారులో ప్రయాణించుచు, వెనుక కూర్చుండిన పెద్దమనుష్యులు ఎఱుక అననేమో, జాగరూకత అననేమో తీవ్రముగా చర్చించుచుండిరట. అంతలో డ్రైవరు ఏమరుపాటున ఒక మేకను గ్రుద్దెను. చర్చించువారికి ఆ సంగతియే తెలియలేదట. ఎఱుకను గూర్చి మాటలాడుటకును, ఎఱుక కలిగియుండుటకును గల దూరము ఆ కథ చెప్పుచున్నది.

నేటి శక్తిమంతమైన కారులో కూర్చుండినపుడు నాకు ఆ కథయే గుర్తునకు వచ్చును. ఎదుట పెద్ద తెర, దానిపై రంగురంగుల బొమ్మలు, స్పోర్టు మోడ్ అనియు కంఫర్టు మోడ్ అనియు ఎంపికలు, సీటునకు మర్దనము, తలుపునకు దీపముల తోరణము. కారు మనలను అనుక్షణము పలుకరించుచున్నట్లే యుండును. కాని ఆ పలుకులలో దారిని గూర్చినది ఒక్కటియు లేదు. గులకరాళ్ల స్పర్శ, గాలివిసురు, టైరు పట్టు సడలు తొలిజాడ, వీనిని వడగట్టివేసి, ఆ ఖాళీని వినోదముతో నింపుచున్నారు. వెనుక సీటున కూర్చుండినవారి ఏమరుపాటు నేడు డ్రైవరు సీటునకు వచ్చి చేరినది. అవధానము కోరని వేగము మనసును తాకదు. అది అంకెగా కనబడి, అంకెగానే మరపునకు వచ్చును.

పుంగనూరు నేర్పిన పాఠము

ఏలయిట్లైనదని విచారించుటకు పుంగనూరును మించిన చోటు లేదు. ఈ ఊరి పేరు మోయు పొట్టి ఆవు మూడడుగుల ఎత్తునకు మించనిది. మెట్టనేలలో కొద్దిపాటి మేతతో బ్రతుకగలది. పాలలో వెన్న ఎనిమిది శాతము వరకు నుండునని ప్రసిద్ధి. అట్టి జాతి అంతరించు స్థితికి వచ్చుటకు కారణము, దాని గుణములను కొలుచు కొలత మనయొద్ద లేకపోవుటయే. పూటకు ఎన్ని లీటర్లు అను ఒక్క ప్రశ్ననే అడిగిన కాలమున, పెద్దపాడి సంకరజాతుల ముందు అది ఓడిపోయినది. ఇదే రహదారిపై నున్న పలమనేరు పశుపరిశోధన కేంద్రము వారు పట్టుదలతో కాపాడి యుండనిచో, నేడు ఇండ్లముందు ఆ దూడలను కట్టుకొని మురియువారికి ఆ మురిపెము దక్కెడిది గాదు.

కార్ల విషయమునను జరిగినది అదియే. ఎన్ని అశ్వముల బలము, నూరు కిలోమీటర్ల వేగమునకు ఎన్ని సెకన్లు, తెర ఎన్ని అంగుళములు అను ప్రశ్నలకు అంకెలతో సమాధానము కలదు. అందుచేత ప్రకటనలలోను, పరీక్షలలోను, స్నేహితుల వాదములలోను అవియే నిలిచినవి. స్టీరింగు చేతికేమి చెప్పుచున్నదను ప్రశ్నకు అంకె లేదు. గేరు దిగునపుడు మణికట్టున కలుగు తృప్తికి అంకె లేదు. అంకెలేని గుణములను అమ్ముట కష్టము, నిలుపుకొనుట ఖర్చు. కావున కంపెనీలు వానిని విడిచిపెట్టినవి. ఒక్క కొలతకు లొంగినచో ఒక జాతి ఎట్లు నశించునో పుంగనూరు చూపినది. పట్టుదలగల కొందరు పూనుకొన్నచో అది ఎట్లు నిలుచునో కూడ చూపినది.

కొత్తవారి పక్షము

ఇంతమాత్రమున నేటి కార్లను నిందించుట న్యాయము గాదు. పలమనేరునకును బంగారుపాళెమునకును నడుమ నున్న మొగిలి ఘాటు ఎందరి ప్రాణములు బలిగొన్నదో మా ప్రాంతపువారికి తెలియును. 2024 సెప్టెంబరులో బస్సును లారీ ఢీకొన్న దుర్ఘటన ఇంకను మరపునకు రాలేదు. తడిసిన దిగుడుబాటపై పాతకారు బ్రేకు త్రొక్కినచో చక్రములు బిగిసి, బండి తనయిచ్చ వచ్చిన వైపునకు జారెడిది. 2019 ఏప్రిల్ నుండి కార్లన్నిటికిని ఏ.బి.ఎస్., ఆ సంవత్సరము జూలై నుండి డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేయుట మహోపకారము. ప్రాణరక్షణమునకు స్వభావమును బలిపెట్టవలసి వచ్చినచో పెట్టవలసినదే. అందు సందేహము లేదు.

కాని అట్టి సంకటము నిజముగా లేదు. చక్రము బిగియకుండ చూచు ఏ.బి.ఎస్. స్టీరింగును మూగ చేయలేదు. ప్రమాదమున విచ్చుకొను గాలిసంచి గేరుకోలను తీసివేయలేదు. రెండు టన్నుల బరువును, మూడడుగుల తెరను రక్షణ కోరలేదు. భద్రత పేరిట వచ్చినవానిలో అధికభాగము సౌఖ్యము కొరకును, ఆడంబరము కొరకును వచ్చినవి. గతమంతయు స్వర్ణమను భ్రాంతి కూడ నాకు లేదు. చెడిన కార్బొరేటరుతో ఎండలో నిలిచినవా డెవ్వడును ఆ కాలము తిరిగి రావలెనని కోరడు. తిరిగి రావలసినది ఆ కారు నడుపునపుడు మనలో మేల్కొనిన శ్రద్ధ.

కుప్పము పొలిమేరలో రేపటి కారు

మూడు రాష్ట్రములు కలియు కుప్పమున నిలిచి దక్షిణమునకు చూచినచో రేపటి వాహనయుగము కూతవేటు దూరముననే యున్నది. పొలిమేర దాటిన కృష్ణగిరి జిల్లాలో, పోచంపల్లి వద్ద ఓలా వారి విద్యుత్ స్కూటర్ల కర్మాగారమును, హోసూరున టి.వి.ఎస్., ఏథర్ వారి కర్మాగారములును కలవు. ఉత్తరమున, విజయనగర ప్రభువుల రెండవ రాజధానియైన పెనుకొండ చెంత, 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. నేడు అచ్చట విద్యుత్ కార్లు కూడ రూపొందుచున్నవి. కారన్నది ఎచ్చటనో తయారై వచ్చు వస్తువు అనుకొన్న రాయలసీమకు, కారెట్లుండవలెనని చెప్పు అధికారము నేడు కొంత దక్కినది.

విద్యుత్ కారునకు స్వభావము కలుగుట సాధ్యమా? అందుకు కృషి జరుగుచున్నది. అయోనిక్ 5 ఎన్ లో లేని గేర్లు ఉన్నట్లుగా మోటారు బలమును మెట్లుమెట్లుగా త్రెంచి, గేరు మారిన కుదుపును కూడ కల్పించిరి. మహీంద్రా వారు 2024 నవంబరులో ఆవిష్కరించిన బి.ఇ. 6 వంటి విద్యుత్ కార్లకు ఎ.ఆర్. రెహమాన్ ధ్వనులు సమకూర్చెను. ఈ యత్నములను నేను తేలికగా చూడను; నడుపువానికి ఏదో కొరవడినదని గుర్తించుటయే ఒక ముందడుగు. అయినను అనుకరణము చిరకాలము నిలువదు. విద్యుత్ కారునకు సహజముగా ఉన్న గుణములనే పైకి తేవలెను.

అందుకు హార్స్‌లీ ఘాటే సాక్షి. రెండు టన్నుల కారు అయిదువందల మీటర్ల ఎత్తునుండి దిగునపుడు విడుదలయగు శక్తి రెండున్నర యూనిట్లకు పైమాట. పాతకారు దానిని బ్రేకుల వేడిగా గాలిలో కలిపివేసెడిది. విద్యుత్ కారు అందు కొంత భాగమును బ్యాటరీకి తిరిగి చేర్చుకొనగలదు. ఎచ్చట పాదము ఎత్తవలెను, మలుపునకు ఎంత ముందుగా ఎత్తవలెను, బ్రేకు పెడలును తాకకయే కొండ దిగుట ఎట్లు అను లెక్క నేర్చుకొన్న డ్రైవరునకు, రెండవ గేరులో ఇంజను పట్టుతో ఘాటు దిగిన తాతగారి విద్యయే నూతనరూపమున లభించును. ఆ శక్తి వచ్చుచున్న తీరును తెరపై బొమ్మగా గాక, పెడలు క్రింద పాదమునకు తెలియునట్లు చేయగలిగిన కారు, ఎట్టి అరువు శబ్దము లేకయే, తన స్వభావమును తాను సంపాదించుకొనును.

కొనువారు గొంతు విప్పినచో కంపెనీలు వినుననుటకు తార్కాణము కూడ కలదు. 2013లో పోర్షే వారు తమ 911 జి.టి.3 కారును క్లచ్చి పెడలు లేకయే విడుదల చేసిరి. అది పూర్వపు కారుకంటె వేగవంతమైనది. అయినను అభిమానులు నొచ్చుకొనిరి. 2016లో చేతిగేర్లతో 911 ఆర్ అను కారును 991 మాత్రమే తయారుచేయగా వానికై పోటీ పడిరి. 2017 నాటి జి.టి.3 లో చేతిగేరు మరల వచ్చినది. కొన్ని క్షణములు ఆలస్యమైనను సరే, ఆ పని మా చేతులకే కావలెనని కోరినవారు ఎందరో యున్నారని ఆ ఉదంతము చాటినది.

మనము అడుగవలసినది

మన దేశమున పోర్షే కొనగలవారు కొందరే. కాని అడుగదగిన మాట అందరిదియు. తేలికయైన కారు చేయుడు. బ్యాటరీ చిన్నదైనను బరువు తగ్గింపుడు. ప్రతి తరగతిలోను ఒక్క నమూనాకైనను చేతిగేరు ఉంచుడు. విద్యుత్ కారైనచో స్టీరింగునకు, పెడలుకు జీవము పోయుడు. తెర కొరకు వెచ్చించు ధనములో కొంత వానికి వెచ్చింపుడు. ఈ మాట పెనుకొండలో కార్లు చేయువారికిని, చెన్నై చుట్టుపట్ల రూపకల్పన చేయువారికిని, వారి పరిశోధనశాలలలో పనిచేయుచున్న మన తెలుగు ఇంజనీర్లకును చేరవలెను.

కొనువారు చేయవలసిన పని కూడ ఒకటి కలదు. షోరూము వారు కారును తిన్నని రోడ్డుపై నడిపించి, ఒక్కమారు త్రొక్కుమని, వీపు సీటున కతుకుకొనుటను చూపి, బేరము ముగింతురు. ఆ పరీక్ష చాలదు. కారును ఘాటునకు తీసికొనిపొండు. గంటకు నలుబది కిలోమీటర్ల వేగమున, తెర ఆర్పి, పాట ఆపి, నాలుగు మలుపులు త్రిప్పి చూడుడు. చేతులకు దారి తెలిసినదా? పాదమునకు బరువు తెలిసినదా? చేసిన చిన్న పొరపాటును కారు మీకు చెప్పినదా? చక్కగా త్రిప్పిన మలుపునకు సంతోషించి ఇంకొక మలుపు కావలెననిపించినదా? నలుబది కిలోమీటర్ల వేగమున మాటలాడని కారు, నూట నలుబదియందు మాటలాడునని ఆశపడుట వ్యర్థము.

యువకులకు నా మనవి ఒక్కటియే. మొదట క్లచ్చి గల బండిపై నేర్చుకొనుడు; పాతకారొకటి ఇంట నున్నచో దానిని తుక్కునకు వేయకముందు ఒక వర్షకాలమైనను నడుపుడు. ఆ తరువాత విద్యుత్ కారు కొన్నను, ఏమి అడుగవలెనో మీకు తెలిసియుండును. శక్తి ధనముతో వచ్చును, వేగము శక్తితో వచ్చును. చెలిమి మాత్రము శ్రద్ధతో వచ్చును, ఆ శ్రద్ధను మననుండి కోరు కారునే మనము కోరి కొనుచున్నంతకాలము దానిని తయారుచేయువారు కూడ ఉండకపోరు.